ఏడు గంటల అలారం ఇంకా మోగుతోంది

ప్రశ్న: మాది హనుమకొండ. మా కుక్క చింటూ పదకొండేళ్లు మాతో ఉండి మూడు నెలల క్రితం పోయాడు. చివరి మూడేళ్లు వాడికి షుగర్. పొద్దున ఏడింటికి, రాత్రి ఏడింటికి అన్నం పెట్టి ఇన్సులిన్ ఇచ్చేవాళ్లం. ఏడాది తిరిగేసరికి రెండు కళ్లూ పోయాయి. ఒకసారి పెళ్లికని జనగామ వెళ్లి ఒక పూట ఇంజెక్షన్ తప్పించాను, అందుకే పోయాయేమోనని కుమిలిపోతున్నాను. చివరికి కిడ్నీలు చెడిపోయి తిండి మానేస్తే, డాక్టరు సలహా మీద శాశ్వతంగా నిద్రపుచ్చే ఇంజెక్షన్ ఇప్పించాం. అప్పుడు స్కూల్లో ఉన్న మా బాబుకు, ఆస్పత్రిలో చింటూ తనంతట తానే పోయాడని చెప్పాం. బాబుకు పద్నాలుగేళ్లు. సాయంత్రం ఇంజెక్షన్ వాడే ఇచ్చేవాడు. ఇప్పుడు ఆ పేరే ఎత్తడు. "మీ మామ పోయిననాడు ఇంత ఏడ్వలేదు" అంటుంది అత్తమ్మ. జబ్బునాటి ఫొటోలన్నీ తీసేద్దామంటారు మావారు. పెత్రమాసనాడు చింటూ పేరున ఏమైనా పెట్టుకోవచ్చా? ఫోన్‌లో ఏడు గంటల అలారం ఇంకా మోగుతూనే ఉంది, ఇన్సులిన్ సీసా ఫ్రిజ్‌లోనే ఉంది.

జవాబు: అమ్మా, ముందు ఆ కళ్ల సంగతి తేల్చుకుందాం, ఎందుకంటే మిగతా దుఃఖమంతా దాని చుట్టూ పెనవేసుకుని ఉన్నట్టు కనిపిస్తోంది. రక్తంలో చక్కెర ఎక్కువైనప్పుడు అది కంటి కటకంలోకి చేరి మరో రకం చక్కెరగా మారుతుంది, అది నీటిని లాక్కోవడంతో కటకం ఉబ్బి తెల్లబడుతుంది. షుగర్ వచ్చిన కుక్కల్లో ఎక్కువ వాటికి, ఇన్సులిన్ క్రమంగా అందుతున్నా సరే, ఏడాది ఏడాదిన్నరలోపే ఈ శుక్లాలు వస్తాయి. ఒక్క పూట మందు తప్పితే వచ్చేవి కావు. పైగా తప్పిపోయిన మోతాదును తర్వాతి పూట కలిపి రెట్టింపుగా ఇస్తేనే ప్రాణం మీదికి వస్తుంది. మీరు ఆ పొరపాటు చేసినట్టు రాయలేదు. జనగామ పెళ్లికి వెళ్లినందుకు మిమ్మల్ని మీరు శిక్షించుకోవలసిన పని లేదు.

కుక్కలకు వచ్చే షుగర్ దాదాపు ఎప్పుడూ ఇన్సులిన్ లేకుండా లొంగదు, మనుషులు వేసుకునే మాత్రలతో నెట్టుకొచ్చే జబ్బు కాదు. రోజుకు రెండు పూటల లెక్కన మూడేళ్లంటే రెండు వేలకు పైగా ఇంజెక్షన్లు. అన్నిసార్లు మీ ఇంట్లో ఎవరో ఒకరు పాలలా తెల్లగా ఉండే ఆ మందు సీసాను కుదపకుండా రెండు అరచేతుల మధ్య దొర్లించి, ఎర్రమూత సిరంజిలోకి గీత చూసి ఎక్కించి, వాడు గిన్నెలో తల పెట్టి తింటుండగా మెడ మీది వదులు చర్మాన్ని పైకెత్తి పట్టుకుని సూది గుచ్చి ఉంటారు. ఊరికి వెళ్లాలన్నా, చుట్టాలను పిలవాలన్నా ఏడు గంటలే అడ్డం వచ్చి ఉంటాయి. అంత పని ఒక్కరోజులో ఆగిపోయినప్పుడు మనిషికి దుఃఖంతోపాటు చేతులకు ఏమీ తోచని వెలితి కూడా మిగులుతుంది. మంచం పట్టిన పెద్దవాళ్లకు ఏళ్ల తరబడి చేసిన కోడళ్లు, కూతుళ్లు కూడా ఇదే మాట నాతో చెబుతుంటారు. చివర్లో "హమ్మయ్య" అనిపించి, వెంటనే అలా అనిపించినందుకు సిగ్గుపడిన క్షణం మీకూ ఉండే ఉంటుంది. మీరు రాయలేదు గానీ, ఉంటే అదీ సహజమే.

ఇక మీ అత్తమ్మ మాట. మీ మామగారు పోయిననాడు వచ్చేపోయేవాళ్లకు చాయ్ పెట్టడం, దినాల ఏర్పాట్లు చూడటం మీ మీదే పడి ఉంటుంది. కోడలికి ఏడ్వడానికి తీరిక ఎక్కడిది? కానీ ఆమెకు మాత్రం ఆ ఏడుపుకు, ఈ ఏడుపుకు మధ్య తన భర్త తక్కువైపోయినట్టు కనిపిస్తోంది. ఆమెతో వాదించకండి. ఒక సాయంత్రం పక్కన కూర్చుని మామగారి సంగతులు అడగండి, అంతే.

ఫొటోల విషయంలో మీవారితో నేను ఏకీభవించను. ఆయన మనసు మంచిదే, మీ కన్నీళ్లు చూడలేక అంటున్నారు. కానీ చింటూ ఆయుష్షులో పావుకు పైగా ఆ జబ్బుతోనే గడిచింది. గుడ్డివాడయ్యాక కూడా ఇన్ని సంవత్సరాలు ఇంట్లో గోడ, గడప, మంచం కోడు గుర్తుపెట్టుకుని తిరిగాడంటే, మీరు సామాన్లు జరపకుండా ఉంచినందుకే. ఆ రోజులు తీసేస్తే మీరు చేసిందీ, వాడు ఓర్చిందీ రెండూ పోతాయి. ప్రస్తుతం చూడలేకపోతే వాటిని వేరే ఫోల్డర్‌లోకి మార్చి ఉంచండి.

అన్నింటికంటే నేను ఎక్కువగా ఆలోచించింది మీ బాబు గురించే. చిన్నపిల్లవాడికైతే మెల్లగా చెబుదాం అనుకోవచ్చు. మూడేళ్లుగా సూది పట్టిన పిల్లవాడికి ఆఖరి ఇంజెక్షన్ సంగతి దాచడం మాత్రం తప్పే. మీరు భయంతో చేశారు కాబట్టి నిందించను, అయితే దాన్ని సరిదిద్దడం మీ చేతుల్లోనే ఉంది. వాడు కారణాలు తనలో తానే వెతుక్కుంటూ ఉండవచ్చు, ముందురోజు సాయంత్రం తానిచ్చిన మోతాదే ఎక్కువైందేమోనని కూడా. భార్యాభర్తలిద్దరూ కూర్చుని, ఏ రోజు తిండి మానేశాడు, రక్తపరీక్షలో ఏం తేలింది, డాక్టరు ఏమన్నారు, ఆ ఇంజెక్షన్ ముందు స్పృహ పోగొట్టి ఆ తర్వాతే గుండెను ఎలా ఆపుతుంది అన్నీ వరుసగా చెప్పండి. "నీకు చెప్పకపోవడం మాదే తప్పు బిడ్డా" అనండి. కోపగించుకుంటే కోపగించుకోనివ్వండి, తలుపు వేసుకుంటే వేసుకోనివ్వండి. రెండు మూడు వారాల తర్వాత కూడా చదువు, నిద్ర, తిండి గాడిన పడకపోతే అప్పుడు పిల్లల మానసిక నిపుణుణ్ని కలవండి.

పెత్రమాసనాడు పెద్దల పేరున బియ్యం ఇచ్చుకోవడంలో చింటూ పేరు కలపవద్దని నా సలహా. శాస్త్రం ఒప్పుకోదని భయపెట్టడం నా ఉద్దేశం కాదు. ఇప్పటికే రెండు దుఃఖాలను పక్కపక్కన పెట్టి కొలుస్తున్న అత్తమ్మ ముందు వాటిని మళ్లీ ఒకే విస్తరిలో వడ్డించవద్దు. ఆ పూట మామగారికి నిండుగా చేయండి. సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మకు వెళ్లేముందు, ఉల్లిగడ్డ, కారం తగలని పెరుగన్నం కలిపి మీ వాడకట్టులోని కుక్కలకు పెట్టండి. ఎవరి పేరున అని ఎవరూ అడగరు.

ఫ్రిజ్‌లోని సీసా తెరిచి మూడు నెలలు దాటింది కాబట్టి ఎవరికీ పనికిరాదు, ఎవరికీ ఇవ్వకండి కూడా. వాడేసిన సూదుల డబ్బా ఇంకా ఇంట్లో ఉంటే చెత్తబండిలో వేయకండి, తీసేవాళ్ల చేతికి గుచ్చుకుంటాయి. రెండింటినీ చింటూకు వైద్యం చేయించిన ఆస్పత్రిలోనే ఇచ్చి రండి. బాబుకు నిజం చెప్పిన తర్వాత, వస్తానంటే వాణ్ని కూడా వెంట తీసుకెళ్లండి.