గోడ మీద బోర్డు రాసి ఉంటే అడ్వాన్సు పోయినట్టేనా?

ప్రశ్న: మాది హన్మకొండ. మొన్నటి కార్తీక మాసంలో సముద్ర స్నానం కోసం మా అమ్మానాన్నలు, భార్య, ఇద్దరు పిల్లలతో బాపట్ల దగ్గరి సూర్యలంకకు వెళ్లాను. అక్కడ ఒక చిన్న గెస్ట్‌హౌస్‌లో మూడు రాత్రులకు రెండు గదులు ఫోన్‌లోనే మాట్లాడుకున్నాం. గదికి రోజుకు రూ.3,500 చొప్పున మొత్తం రూ.21,000 కాగా, రూ.15,000 పది రోజుల ముందే ఫోన్‌పే చేశాను. రెండు గదులూ కింది అంతస్తులోనే ఉంటాయని, రెండింటికీ ఏసీ ఉందని యజమాని వాట్సాప్‌లో ఫొటోలు పంపారు. తీరా వెళ్లాక ఒకటే అలాంటి గది ఇచ్చి, రెండోది మేడ మీద ఏసీ లేనిది ఇచ్చారు. అమ్మానాన్నలను కింద ఉంచి, పిల్లలతో మేం పైన ఉక్కపోతలో ఆ రాత్రి గడిపాం. మర్నాడు తుపాను హెచ్చరిక రావడంతో అధికారులు బీచ్ మూసివేసి, యాత్రికులందరినీ గదులు ఖాళీ చేయించారు. మిగిలిన డబ్బు ఇమ్మంటే యజమాని గోడ మీది ‘అడ్వాన్సు తిరిగి ఇవ్వబడదు’ అన్న బోర్డు చూపించారు. ఆ ఉదయమే మేం సముద్రం దగ్గర ఉన్నప్పుడు, పై గదిలో పెట్టి వెళ్లిన నా భార్య తులంన్నర గొలుసు కనిపించకుండా పోయింది. గది ఊడ్చే కుర్రాడి దగ్గర ఇంకో తాళంచెవి ఉంది. గొలుసు గురించి అడిగినా అదే బోర్డు మీది ‘విలువైన వస్తువులకు బాధ్యత లేదు’ అన్న మాట చూపించారు. మాకు రసీదు ఏదీ ఇవ్వలేదు. అడ్వాన్సు, కారు కిరాయి రూ.14,000, గొలుసు విలువ రాబట్టుకునే వీలుందా? అందుకు బాపట్ల చుట్టూ తిరగాలా? – ఒక పాఠకుడు

జవాబు: మీరు ఉండని రెండు రాత్రుల డబ్బు మీకు తిరిగి రావాలి. రోజుకు రెండు గదులకు రూ.7,000 కాబట్టి, మీరు ఉన్న ఒక్క రాత్రికి అది మినహాయిస్తే రూ.8,000 యజమాని దగ్గర మీ సొమ్ముగానే ఉంది. ఏసీ లేని గది ఇచ్చినందుకు కొంత తగ్గింపు, కొంత పరిహారం అడగవచ్చు. కారు కిరాయి వస్తుందని మాత్రం నేను చెప్పలేను. గొలుసు సంగతి పూర్తిగా వేరు. దానికి మొదటి మెట్టు పోలీస్ స్టేషన్. బాపట్ల చుట్టూ తిరగనక్కర లేదు.

ముందు ఆ బోర్డు గురించి. మీరు డబ్బు పంపింది హన్మకొండ నుంచి, పది రోజుల ముందు. బోర్డును చూసింది సూర్యలంకలో దిగిన తరువాత. ఒప్పందం కుదిరే నాటికి ఒక పక్షానికి తెలియని షరతు ఆ ఒప్పందంలో భాగం కాదు. ఫోన్‌లో మాట్లాడినప్పుడు గానీ, వాట్సాప్‌లో ఫొటోలు పంపినప్పుడు గానీ ‘అడ్వాన్సు తిరిగి ఇవ్వం’ అని యజమాని ఒక్క మాటైనా రాశారేమో చాట్ మొదటి నుంచి చివరి దాకా మరోసారి చదివి చూడండి. రాయకపోతే ఆ బోర్డు మిమ్మల్ని కట్టిపడేయదు. ఒకవేళ రాసి ఉన్నా మీ కేసు అక్కడితో ముగిసిపోదు. ఎందుకంటే అలాంటి షరతు వచ్చేవారు తమంతట తాము మానుకున్న సందర్భానికి చెందుతుంది. గది ఇవ్వడమే కుదరని సందర్భానికి కాదు.

ఇక్కడ జరిగింది ఆ రెండోదే. మీరు మనసు మార్చుకుని వెళ్లిపోలేదు, అధికారులు ఖాళీ చేయించారు. యజమాని కూడా కావాలని మిమ్మల్ని పంపలేదు. ఇద్దరి తప్పూ లేకుండా, ఒప్పందం చేసుకున్న తరువాత వచ్చిపడిన కారణం వల్ల దానిని నెరవేర్చడం అసాధ్యమో చట్టవిరుద్ధమో అయితే, అప్పటి నుంచి ఆ ఒప్పందం చెల్లదని భారత కాంట్రాక్టు చట్టం, 1872లోని 56వ సెక్షన్ చెబుతుంది. అలా చెల్లకుండా పోయిన ఒప్పందం కింద ఎవరైనా లాభం పొంది ఉంటే దానిని తిరిగి ఇవ్వాలని 65వ సెక్షన్ అంటుంది. ఆ సెక్షన్ కిందే చట్టం రాసినవారు ఇచ్చిన ఒక ఉదాహరణ మీ విషయానికి అతికినట్టు సరిపోతుంది. ఒక గాయని కచేరీకి ఒప్పుకుని వెయ్యి రూపాయలు ముందుగానే తీసుకుంది. జబ్బు చేసి పాడలేకపోయింది. కచేరీ జరిగి ఉంటే నిర్వాహకుడికి వచ్చే లాభాన్ని ఆమె కట్టివ్వనక్కర లేదు, కాని తీసుకున్న వెయ్యి రూపాయలు మాత్రం తిరిగి ఇచ్చేయాలి. నూట యాభై ఏళ్ల కిందటి ఈ మూడు వాక్యాలలో మీ రెండు ప్రశ్నలకూ సమాధానం ఉంది. అడ్వాన్సు తిరిగి వస్తుంది. తుపాను వల్ల వృథా అయిన కారు కిరాయి రాదు, ఎందుకంటే తుపానుకు యజమాని బాధ్యుడు కాడు.

అధికారులు బీచ్‌ను మాత్రమే మూసి, గదుల జోలికి రాకుండా ఉండి ఉంటే వాదన ఇంత సులువుగా ఉండేది కాదు. గదులు సిద్ధంగానే ఉన్నాయి, మీరే ఉండలేదని యజమాని అనేవారు. అప్పుడు కూడా దారి లేకపోలేదు. అసాధ్యం అంటే భౌతికంగా వీలుకాకపోవడం ఒక్కటే కాదని, ఏ ఉద్దేశంతో ఒప్పందం చేసుకున్నారో ఆ ఉద్దేశమే నిష్ఫలమైనా 56వ సెక్షన్ వర్తిస్తుందని సుప్రీంకోర్టు 1954లో సత్యబ్రత ఘోష్ కేసులో వివరించింది. అంతకు చాలా ముందు, 1902 జూన్‌లో లండన్‌లో ఏడవ ఎడ్వర్డ్ రాజు పట్టాభిషేక ఊరేగింపును చూడడానికి ఒకాయన వీధి వైపు గదులను రెండు పగళ్లకు 75 పౌండ్లకు మాట్లాడుకుని 25 పౌండ్లు ముందు కట్టారు. రాజుకు జబ్బు చేసి ఊరేగింపు ఆగిపోయింది. గదులు చెక్కుచెదరకుండా ఉన్నా, మిగతా డబ్బు కట్టనక్కర లేదని అక్కడి అప్పీలు కోర్టు 1903లో తీర్పు చెప్పింది. అయితే సముద్రం దగ్గరి గదిలో వేరే కారణాలతోనూ ఉండవచ్చు కనుక ఆ వాదన మీ విషయంలో ఎంతవరకు నిలిచేదో ఖాయంగా చెప్పలేం. అందుకే ఖాళీ చేయించిన సంగతిని రుజువు చేసుకోవడమే మీ కేసుకు ప్రాణం. ఆ తేదీ నాటి జిల్లా ఎడిషన్‌లో వచ్చిన వార్త, అధికారుల ప్రకటన, మీరు తీసిన వీడియో ఉంటే అది, వీటిలో దొరికినంత వరకు ఇప్పుడే పోగు చేయండి.

ఒక మాట మనవి చేస్తాను. తీరంలో నాలుగైదు గదులు కట్టుకుని కార్తీక మాసం రద్దీ మీదే ఏడాది గడుపుకునే కుటుంబాలు చాలా ఉంటాయి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. ఆ తీరంలో గదులు అద్దెకిచ్చుకునే వారికి తుపాను అంటే ఏమిటో మనకంటే బాగా తెలుసు. మీ యజమానికి కూడా ఆ రోజు నష్టమే జరిగి ఉంటుంది. కాబట్టి లక్షల్లో అడిగి ఆయనను భయపెట్టే బదులు లెక్క ప్రకారం మీకు రావలసినదే అడగండి. న్యాయంగా అడిగినవారి ఫిర్యాదుకే వినియోగదారుల కమిషన్ ముందు బరువు ఉంటుంది. అయితే తన నష్టాన్ని మీ అడ్వాన్సుతో పూడ్చుకునే హక్కు ఆయనకు లేదు.

ఏసీ లేని గది విషయంలో తుపానుకు సంబంధం లేదు. అది యజమాని మాట తప్పడమే. ఒకటి చూపించి మరొకటి ఇవ్వడం వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం సేవాలోపం; లేని సదుపాయాన్ని ఉందని చెప్పడం అనుచిత వ్యాపార విధానం కూడా. అక్కడ గదుల ధరల పట్టిక ఏదైనా ఉండి, ఏసీ లేని గదికి తక్కువ ధర రాసి ఉంటే, ఆ తేడా ఎంతో అంత అడగవచ్చు. ‘ఇష్టం లేకపోతే అప్పుడే వెళ్లిపోవలసింది, ఉన్నారంటే ఒప్పుకున్నట్టే’ అని ఎదుటివారు తప్పకుండా అంటారు. రూ.15,000 ముందే కట్టి, పెద్దవాళ్లతో, పిల్లలతో వందల కిలోమీటర్లు వచ్చిన కుటుంబం సామాన్లు దింపకుండా వెనక్కి తిరగలేదన్నది ఎవరికైనా అర్థమయ్యే సంగతే. అయినా ఆ సాయంత్రం మీరు అభ్యంతరం చెబుతూ పంపిన మెసేజ్ ఒక్కటి ఉన్నా ఈ వాదన అక్కడితో ఆగిపోతుంది. వాయిస్ మెసేజ్ అయినా సరే, దానిని చెరపకండి.

రసీదు లేదని బెంగపడకండి. బిల్లు ఇవ్వకపోవడాన్నే చట్టం అనుచిత వ్యాపార విధానాలలో ఒకటిగా లెక్కించింది, కనుక అది ఆయనకే ఇబ్బంది. ఫోన్‌పే లావాదేవీ వివరం, మీ బ్యాంకు స్టేట్‌మెంట్, వాట్సాప్ సంభాషణ మీకు రసీదు కింద పనికొస్తాయి. డబ్బు ఎవరి పేరు మీద జమ అయిందో ఒక్కసారి చూడండి. చిన్న గెస్ట్‌హౌస్‌లలో తరచుగా ఫోన్ మాట్లాడేది ఒకరు, డబ్బు పడే ఖాతా కొడుకుదో అల్లుడిదో అవుతుంది. అలా ఉంటే యజమానితో పాటు ఆ ఖాతాదారును కూడా ఎదుటి పక్షంగా చేర్చాలి, లేకపోతే ‘నాకు డబ్బు ముట్టలేదు’ అన్న ఒక్క మాటతో కేసు నెలల తరబడి నడుస్తుంది. వాట్సాప్ కాగితాలతో పాటు అవి మీ ఫోన్ నుంచి తీసినవేనని తెలిపే సర్టిఫికెట్‌ను భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద జతచేయండి; ఆ సంభాషణ ఉన్న ఫోన్‌ను కేసు ముగిసే దాకా మార్చకండి.

ఇక గొలుసు. ‘విలువైన వస్తువులకు బాధ్యత లేదు’ అని రాసుకున్నంత మాత్రాన హోటల్ వారి నిర్లక్ష్యం మాఫీ కాదు. 1998లో ఢిల్లీలోని ఒక హోటల్‌లో అతిథి కారు తాళాలు సిబ్బందికి ఇచ్చి లోపలికి వెళ్లగా కారు దొంగల పాలైంది. పార్కింగ్ చీటీ మీద ‘కారు యజమాని సొంత పూచీ’ అని అచ్చువేసి ఉన్నా, కారును తమ స్వాధీనంలోకి తీసుకున్న హోటల్ తగిన జాగ్రత్త తీసుకోనప్పుడు ఆ అచ్చు దానిని కాపాడదని 2019 నవంబరులో తాజ్‌మహల్ హోటల్ వర్సెస్ యునైటెడ్ ఇండియా ఇన్సూరెన్స్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. కాని మీ కేసుకూ దీనికీ ఒక పెద్ద తేడా ఉంది. కారును చేతికి అప్పగించారు. గొలుసును మీరు అప్పగించలేదు, గదిలో ఉందని కూడా ఎవరికీ చెప్పలేదు. కాబట్టి యజమాని నిర్లక్ష్యాన్ని మీరు విడిగా చూపించాలి. తాళం సరిగా పడకపోవడం, మీరు లేనప్పుడు ఇంకో తాళంచెవితో గది తెరవడం వంటివి నిర్లక్ష్యాన్ని సూచిస్తాయి గానీ వాటంతట అవే రుజువు కావు. గొలుసు అక్కడ ఉన్నట్టు చూపడానికి కొన్న బిల్లు, ఆ యాత్రలో మీ భార్య దానిని ధరించి ఉన్న ఫొటో కావాలి. ఇవన్నీ ఉన్నా ఈ భాగంలో మీరు గెలుస్తారని నేను మాట ఇవ్వలేను. సాక్షులను విస్తృతంగా విచారించవలసిన దొంగతనం వ్యవహారం అనిపిస్తే, సివిల్ కోర్టుకు వెళ్లమని కమిషన్ చెప్పే అవకాశమూ ఉంది.

అందువల్ల గొలుసు కోసం పోలీసు ఫిర్యాదును అడ్వాన్సు తేలేదాకా ఆపకండి. ఇప్పటికే ఆలస్యమైంది, ఆ ఆలస్యానికి కారణాన్ని, తుపాను వల్ల హడావుడిగా బయలుదేరవలసి వచ్చిందన్న సంగతితో సహా ఉన్నది ఉన్నట్టు రాయండి. ఇల్లుగా వాడే కట్టడంలో జరిగిన దొంగతనం భారతీయ న్యాయ సంహిత 305వ సెక్షన్ కిందికి వస్తుంది. ఏడేళ్ల దాకా శిక్ష ఉంది. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా సమాచారం ఇవ్వవచ్చని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ చెబుతున్నందున హన్మకొండలోనే జీరో ఎఫ్‌ఐఆర్ నమోదు చేయించుకోండి. అది బాపట్లకు బదిలీ అవుతుంది. ఎఫ్‌ఐఆర్ నకలు మీకు ఉచితంగా ఇవ్వాలి. ఫిర్యాదులో ఆ గది ఊడ్చే కుర్రాడే తీశాడని మాత్రం దయచేసి రాయకండి. మీరు చూసింది అతని దగ్గర తాళంచెవి ఉండడం ఒక్కటే. అంతవరకే రాయండి, మిగిలినది పోలీసులు చూసుకుంటారు. ఒక్క అనుమానపు వాక్యం ఒక పేద పిల్లవాడి పనినీ పరువునూ తీసేయగలదు.

డబ్బు కోసం ముందుగా యజమానికి స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. వినియోగదారుల కేసుకు ముందు నోటీసు ఇవ్వాలన్న నిబంధన ఏమీ లేదు, కాని చిన్న మొత్తాలు చాలావరకు అక్కడే తేలిపోతాయి. తేదీలు, మాట్లాడుకున్న గదులు, ఇచ్చిన గదులు, ఖాళీ చేయించిన రోజు, మీ లెక్క రాసి పదిహేను రోజుల గడువు ఇవ్వండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి కూడా ఫిర్యాదు నమోదు చేయవచ్చు. అప్పటికీ ఇవ్వకపోతే హన్మకొండలోని మీ జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయండి. ఫిర్యాదుదారు నివసించే చోట కేసు వేసే హక్కును 2019 చట్టం 34వ సెక్షన్ ఇచ్చింది. ఐదు లక్షల లోపు చెల్లింపులకు ఫీజు లేదు. న్యాయవాది లేకుండా మీరే వాదించుకోవచ్చు, ఆన్‌లైన్‌లోనూ దాఖలు చేయవచ్చు, వీడియో ద్వారా విచారణ కోరవచ్చు. ఫిర్యాదులో ఆ బోర్డు అన్యాయమైన ఒప్పందమని ప్రకటించాలని కోరకండి. అన్యాయ ఒప్పందాల ఫిర్యాదులు రాష్ట్ర కమిషన్‌కు వెళతాయి, మీరు హైదరాబాద్ తిరగవలసి వస్తుంది. సేవాలోపం, అనుచిత వ్యాపార విధానం అన్న రెండు కారణాల మీదే రూ.8,000, గది తేడా, ఖర్చులు, మీకు జరిగిన ఇబ్బందికి మితమైన పరిహారం అడగండి. మీరు గది ఖాళీ చేసిన రోజు నుంచి రెండేళ్ల లోపు ఫిర్యాదు దాఖలు కావాలి. ఆ తేదీని నోటీసు నకలు మీదే రాసిపెట్టుకోండి.