4 టీబీ డిస్క్‌లో 2 టీబీయే వస్తోందని డిస్క్ మార్చకండి

మీ ప్రశ్న చదివానండి. అమలాపురంలో పెళ్లిళ్ల ఫొటో స్టూడియో, కొత్త 4 టీబీ హార్డ్ డిస్క్, వాడకానికి వచ్చేది 2 టీబీ. షాపువాళ్లు డిస్క్ పోయిందన్నారు, అందులో ఈ సీజన్ పెళ్లిళ్ల ఫుటేజ్ ఉంది. మాది పాలకొల్లు వైపు. స్టూడియోలకీ, రొయ్యల చెరువుల మీద కెమెరాలు పెట్టుకున్నవాళ్లకీ సిస్టమ్‌లు చూస్తుంటాను. ఈ కేసు నాకు బాగా అలవాటే. మీరు చెప్పినదాన్నిబట్టి డిస్క్‌కి ఏమీ కాలేదు.

స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ కొట్టి డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవండి. కింద మీ డిస్క్ వరసలో రెండు ముక్కలుండాలి: నీలం పట్టీతో 2048 జీబీ, పక్కన నల్ల పట్టీతో 1678 జీబీ, అన్‌అలొకేటెడ్ (ఇంకా వాడకానికి కేటాయించని చోటు) అని. నల్ల ముక్క మీద రైట్ క్లిక్ కొడితే న్యూ సింపుల్ వాల్యూమ్ బూడిద రంగులో ఉండి పనిచేయదు. అలా ఉంటే డిస్క్ ఎంబీఆర్ పద్ధతిలో ఉన్నట్టే. డిస్క్‌లో ఏ ముక్క ఎక్కడుందో రాసిపెట్టుకునే పాత పద్ధతి ఇది. అది 1983లో పీసీ డాస్ 2.0తో వచ్చిన పద్ధతి. డిస్క్‌లోని చిన్న గడుల్ని సెక్టార్లంటారు, వాటి నంబర్లు 32 బిట్లలో రాస్తుంది. సెక్టార్ 512 బైట్లు కాబట్టి 2 టీబీ దగ్గర నంబర్లు అయిపోతాయి, ఆపైన చోటున్నా వాడుకోలేదు. కొత్త డిస్క్ తగిలించగానే ఎంబీఆరా, జీపీటీయా అని విండోస్ అడిగినప్పుడు ఎవరో ఎంబీఆర్ నొక్కి ఉంటారు. మీకు కావలసింది జీపీటీ, ఈ 2 టీబీ హద్దు లేని కొత్త పద్ధతి.

ఫుటేజ్ మొత్తం ఇంకో డిస్క్‌లోకి కాపీ చేసి, నాలుగైదు ఫైళ్లు ప్లే చేసి చూసుకునేదాకా దేన్నీ ముట్టుకోకండి. డేటా పోకుండా మారుస్తామనే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. కానీ మధ్యలో కరెంటు పోతే ఆ పెళ్లి మళ్లీ జరగదండి, నేనైతే వాటి జోలికి వెళ్లను. విండోస్‌లోనే ఉన్న ఎంబీఆర్2జీపీటీ అనే ప్రోగ్రామ్ విండోస్ ఎక్కించిన డిస్క్‌కే, మీ డేటా డిస్క్‌కి పనికిరాదు.

కాపీ అయ్యాక నీలం ముక్క మీద డిలీట్ వాల్యూమ్ కొట్టండి. తర్వాత ఎడమవైపు డిస్క్ 1 అనో 2 అనో రాసున్న గడి మీద రైట్ క్లిక్ కొడితే కన్వర్ట్ టు జీపీటీ డిస్క్ వస్తుంది. వాల్యూమ్ ఉన్నంతసేపూ అది పనిచేయదు. డిస్క్‌పార్ట్ అనే కమాండ్ ప్రోగ్రామ్‌లో, డిస్క్‌ని ఖాళీ చేసే క్లీన్ కమాండ్ కొట్టమని చాలామంది చెబుతారు. డిస్క్ నంబరు ఒక్కటి తప్పితే వేరే డిస్క్ ఖాళీ అయిపోతుంది, అందుకే కళ్లకు కనిపించే ఈ దారే మంచిదంటాను. చివర్లో నల్ల ముక్క మీద రైట్ క్లిక్ కొట్టి న్యూ సింపుల్ వాల్యూమ్ తీసుకుని, ఫార్మాట్ ఎన్‌టీఎఫ్‌ఎస్ అని పెట్టండి.

అప్పుడు 3.63 టీబీ చూపిస్తుంది. కంపెనీ వెయ్యి చొప్పున లెక్కేస్తుంది, విండోస్ 1024 చొప్పున. 4 టీబీ అంటే అంతే, ఏమీ తగ్గలేదు.

భీమవరంలో ఒక స్టూడియోలో 3 టీబీ డిస్క్ 746 జీబీగా కనిపించింది. అది వేరే సంగతి. పాత యూఎస్‌బీ డాక్ (డిస్క్‌ని యూఎస్‌బీతో తగిలించే స్టాండ్) 2 టీబీ దాటిన లెక్క పట్టలేక మిగిలిన అంకె చూపిస్తుంది. మదర్‌బోర్డ్ సాటా కేబుల్‌కి నేరుగా తగిలిస్తే పూర్తి సైజు వచ్చింది. జీపీటీ డిస్క్ నుంచే విండోస్ బూట్ చేయాలంటే మాత్రం మదర్‌బోర్డ్‌లో యూఈఎఫ్‌ఐ (పాత బయాస్ బదులు వచ్చిన స్టార్టప్ ప్రోగ్రామ్) ఉండాలి, మామూలుగా 64 బిట్ విండోస్ కూడా ఉండాలి. పాత 32 బిట్ విండోస్ ఎక్స్‌పీకి జీపీటీ అసలు తెలియదు.

మీ డిస్క్ లోపల బిగించిందో, యూఎస్‌బీ బాక్స్‌లో ఉందో రాయలేదు. బాక్స్‌లోదైతే దాన్నుంచి తీసి లోపల బిగించకముందే కాపీ చేసుకోండి. కొన్ని బాక్స్‌లు సెక్టార్‌ని 4096 బైట్లుగా చూపిస్తాయి. బయటికి తీస్తే అదే డిస్క్ ఖాళీగా కనిపించి, ఫార్మాట్ చేయమంటుంది. ఒప్పుకోకుండా మళ్లీ అదే బాక్స్‌లో పెట్టండి, ఫుటేజ్ అలాగే ఉంటుంది.