నైట్రాక్స్ కలపడానికి ఏ సామాను కొనాలి?

ప్రశ్న: గోపాలపూర్ దగ్గర డైవింగ్ నేర్పుతున్నాం. కంప్రెసర్ ఉంది. నైట్రాక్స్ 32 (32 శాతం ఆక్సిజన్ ఉండే డైవింగ్ గాలి) మేమే కలుపుకోవాలంటే ఏమేం కొనాలి? – ఒక పాఠకుడు, బరంపురం

జవాబు: ముందు మంచి అనలైజర్ (ఆక్సిజన్ శాతం కొలిచే మీటర్) కొనండి, బేరం అక్కడ వద్దు. మిగతా సామాను, కలిపే పద్ధతిని బట్టి రెండు రకాలు. ఆక్సిజన్ ముందు ఎక్కించి పైన గాలి నింపే పద్ధతికి విప్ (ఆక్సిజన్ ఎక్కించే గొట్టం), నీడిల్ వాల్వ్ (మెల్లగా తెరుచుకునే వాల్వ్), నిఖార్సైన డిజిటల్ గేజ్ చాలు. ఖాళీ సిలిండర్‌ను 200 బార్‌కు నింపాలంటే ఆక్సిజన్ సుమారు 28 బార్, మిగతాది గాలి. ఆక్సిజన్ ఎక్కించే వేగం నిమిషానికి 5 బార్ మించనివ్వకండి. బాల్ వాల్వ్ అసలే వద్దు: ఠక్కున తెరుచుకుంటే ఒత్తిడికి వాయువు ఒక్కసారిగా వేడెక్కి, లోపల కాస్త జిడ్డున్నా అంటుకుంటుంది. సిలిండర్, వాల్వ్ ఆక్సిజన్‌కు తగ్గట్టు శుభ్రం చేసి ఉండాలి. మామూలు సిలికాన్ గ్రీజు పనికిరాదు. గాలికీ అదనపు ఫిల్టర్ తప్పదు, కంప్రెసర్ నూనె ఆవిరి ఇక్కడే దెబ్బతీస్తుంది.

రోజూ చాలా సిలిండర్లు నింపేవారికి కంప్రెసర్ ముందు మిక్సింగ్ గొట్టం (పీల్చే గాలిలో ఆక్సిజన్ కలిసేది) మేలు. కానీ లోపలికి వెళ్లే ఆక్సిజన్ 40 శాతం దాటకూడదు. అదీ ఆ కంప్రెసర్ తయారీదారు ఒప్పుకుంటేనే.

మీ తీరంలో వానాకాలపు ఉక్కగాలితో అనలైజర్‌ను 20.9కి (పొడిగాలిలో ఆక్సిజన్ శాతం) సరిచేస్తే, నీటి ఆవిరి వల్ల 32 కాస్తా 33 పైగా చూపిస్తుంది. పొడిగాలి ఉన్న సిలిండర్‌తో సరిచేయండి. నింపాక సిలిండర్ చల్లారనిచ్చి కొలవండి. పీల్చే ఆక్సిజన్ పాక్షిక ఒత్తిడి (మిశ్రమం ఒత్తిడిలో ఆక్సిజన్ వాటా) 1.4 బార్ దాటకూడదన్న లెక్కన 32కి లోతు హద్దు 33 మీటర్లు. టేపు మీద రాసి అంటించండి.