డాక్టర్ సలహా: సినిమా చూశాక అమ్మ తమ్ముడి కంచం మళ్లీ వేరుపెట్టింది

ప్రశ్న: మాది చిత్తూరు జిల్లా పలమనేరు దగ్గర పల్లె. మా తమ్ముడికి హెచ్‌ఐవీ ఉందని నాలుగేళ్ల కిందట తెలిసింది. ఒక్క రోజు కూడా మందు మానలేదు. వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ మోతాదు, పరీక్షలో కనిపించని స్థాయికి వచ్చిందని డాక్టర్లు చెప్పారు. అమ్మ కూడా మెల్లగా కుదుటపడింది. పోయిన నెల టీవీలో ఒక పాత సినిమా వచ్చింది. అందులో ఎయిడ్స్ వచ్చినాయన చిక్కిపోయి చనిపోతాడు. మర్నాటి నుంచి అమ్మ తమ్ముడి కంచం, గ్లాసు మళ్లీ వేరుపెట్టింది. నా పిల్లల్ని వాడి దగ్గరికి పోనివ్వడం లేదు. వాడు ఇంటికి రావడమే తగ్గించేశాడు. పిల్లలకు ప్రమాదమా? సినిమా పెట్టిన ఈ భయం పోయేదెట్లా? – ఒక అక్క

జవాబు: ముందు పిల్లల సంగతి చెప్తానమ్మా. వాళ్లు మామతో ఒకే కంచంలో సంగటి తినొచ్చు, అదే గ్లాసులో నీళ్లు తాగొచ్చు, ఆయన పక్కనే పడుకోవచ్చు. ఉమ్ము, చెమట, దగ్గు, దోమకాటు, వీటి వల్ల హెచ్‌ఐవీ రాదు. కండోమ్ లేని లైంగిక సంబంధం, వైరస్ ఉన్న రక్తం, ఒకరు వాడిన సూది మరొకరు వాడటం, తల్లి నుంచి బిడ్డకు, ఇవే దారులు. పైగా మీ తమ్ముడి వైరల్ లోడ్ కనిపించని స్థాయిలో ఉంది. అది అలాగే ఉన్నంతకాలం లైంగికంగా కూడా అతని నుంచి ఎవరికీ సోకదు. ఒకరికి హెచ్‌ఐవీ ఉండి మరొకరికి లేని జంటలను యూరప్‌లో ఏళ్ల తరబడి గమనించి, ఆ ఫలితాలను 2016లో, 2019లో ప్రచురించారు. మందులతో వైరస్ అణిగిన భాగస్వామి నుంచి ఒక్కరికీ అంటలేదు.

ఇక సినిమా. అమ్మగారిని తప్పుపట్టకండి. ఆమె చూసిన చావు ఒకప్పటి నిజం. మన దేశంలో తొలి కేసులు 1986లో చెన్నైలో బయటపడ్డాయి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో హెచ్‌ఐవీని అణిచిపెట్టే ఏఆర్‌టీ మందులు ఉచితంగా ఇవ్వడం 2004లో మొదలైంది. ఆ రెండింటి నడుమ ఉన్న ఏళ్లలో డబ్బు పెట్టి కొనుక్కోగలిగిన కొద్దిమందికి తప్ప మందు అందలేదు. నేను హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు వార్డులో చివరి మంచం హెచ్‌ఐవీ ఉన్నవాళ్లది. అన్నం పళ్లెం గుమ్మం దగ్గరే పెట్టి వెళ్లిపోయేవాళ్లు. అది తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది. ఇప్పుడు చాలామందికి రోజుకు ఒక్క మాత్ర చాలు. వైద్యం మారింది, టీవీలో మాత్రం ఆ పాత చావే మళ్లీ మళ్లీ వస్తోంది.

'పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?' అన్న ప్రచారం మీకు గుర్తుండే ఉంటుంది. టీకొట్ల దగ్గర కూడా జనం కండోమ్ గురించి మాట్లాడుకున్నారంటే దాని పుణ్యమే, అది చిన్న సంగతి కాదు. అయితే జబ్బు రాకుండా ఎలా చూసుకోవాలో చెప్పింది గానీ, వచ్చినవాడితో ఒకే ఇంట్లో ఎలా ఉండాలో చెప్పలేదు. మీ అమ్మగారికి కావాల్సింది ఆ రెండోది.

అది కథ చెప్పగలదు. 2004లో రేవతి తీసిన హిందీ సినిమా 'ఫిర్ మిలేంగే'లో హెచ్‌ఐవీ వచ్చిన అమ్మాయి ఉద్యోగం పోగొట్టుకుంటుంది, కోర్టుకెళ్లి పోరాడి గెలుస్తుంది. మరుసటి ఏడాది వచ్చిన 'మై బ్రదర్ నిఖిల్'లో అందరూ వెలివేసిన ఈతగాడి పక్కన అతని తోబుట్టువు నిలబడుతుంది. మీ ఉత్తరం చదవగానే నాకు ఆమే గుర్తొచ్చింది. 2001లో అమెరికాలో ఒక సీరియల్ పాత్రకు హెచ్‌ఐవీ ఉన్నట్టు చూపి, చివర్లో హెల్ప్‌లైన్ నంబర్ వేస్తే, ఆ నంబర్‌కు ఫోన్లు ఒక్కసారిగా పెరిగాయి. రోజూ ఇంట్లో చూసే మనిషికి వస్తే అది మనింటి సంగతి అవుతుంది కదా.

మన రచయితలతో నాకు ఒక పేచీ ఉంది. పాత్ర మీద జాలి కలగాలంటే రక్తం ఎక్కించినప్పుడు వచ్చిందని రాస్తారు. అంటే ఇంకో విధంగా వచ్చినవాళ్లు జాలికి తగనివాళ్లనా? ఎలా వచ్చిందన్న తేడా మాత్రకు లేదు, మనకెందుకు? పెళ్లి పనుల్లో తిరుగుతూ, తొమ్మిదింటికి మాత్ర వేసుకుని, అందరితో పాటు బంతిలో కూర్చునే బాబాయి పాత్ర ఒకటి తెలుగు సీరియల్లో రావాలని ఎంతో కోరుకుంటున్నాను.

ఇలాంటి సినిమా మళ్లీ వస్తే ఛానల్ మార్చకండి. అమ్మ పక్కనే కూర్చుని, 'ఆయనకు మందు దొరకలేదమ్మా, మనవాడికి దొరికింది' అని ఆ సీన్ దగ్గరే చెప్పండి. ఆ తర్వాత తమ్ముడి కంచంలోంచి మీరే ఒక ముద్ద తినండి. నాలుగు గంటల ఉపన్యాసం కన్నా అది పనిచేస్తుంది. అతని విషయం బంధువులకు మాత్రం అతని ఇష్టం లేకుండా చెప్పొద్దు. 2017 హెచ్‌ఐవీ చట్టం అతనికి ఆ రక్షణ ఇచ్చింది. సందేహాలుంటే 1097కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

తమ్ముడు ఒప్పుకుంటే, ఈసారి మందులకు ఏఆర్‌టీ సెంటర్‌కు వెళ్లేటప్పుడు అమ్మను కూడా తీసుకెళ్లమనండి. కంచం గురించి, పిల్లల గురించి ఆమెకున్న అనుమానాలన్నీ అక్కడి కౌన్సెలర్‌ను నేరుగా అడగనివ్వండి. మీరు మధ్యలో జవాబు చెప్పొద్దు.