సీ కయాక్‌లో నడుము నొప్పి: సీటు మార్చాలా?

నాగార్జునసాగర్ జలాశయంలో సీ కయాక్ (కూర్చుని తెడ్డుతో నడిపే సన్నని పొడవాటి పడవ) నడిపితే గంటకే నడుము పట్టేస్తోందని, కాళ్లు తిమ్మిరెక్కుతున్నాయని అడిగారు. కొత్త సీటు అప్పుడే కొనకండి. ముందు పాదాల ఆనికలు సరిచేయండి: మోకాళ్లు కాస్త వంగి, తొడలు కాక్‌పిట్ (మనం కూర్చునే రంధ్రం) అంచు లోపలివైపు తగులుతూ ఉండాలి. వీపు పట్టీ నడుము కింది భాగంలో, తుంటి ఎత్తులోనే ఉండాలి. జారబడే ఎత్తైన ఆనిక హాయిగా కనిపిస్తుంది గానీ, తెడ్డు వేసేటప్పుడు మొండెం తిరగనివ్వదు. నీళ్లు పడకుండా కట్టుకునే స్ప్రే స్కర్టుకూ అడ్డమే.

తిమ్మిరి చాలాసార్లు సీటు ముందు అంచు నొక్కడం వల్లే వస్తుంది. తొడల కింద ఫోమ్ ముక్క పెట్టి ఆసరా ఇవ్వండి. నల్గొండ పరుపుల దుకాణాల్లో దొరికే మామూలు స్పాంజి వద్దు, నీరు పీలుస్తుంది. నీరు పీల్చని గట్టి ఫోమ్ కావాలి. సీటు ఎత్తు మాత్రం పెంచకండి: 2-3 సెంటీమీటర్లకే పడవ ఊగడం తెలుస్తుంది.