ఇంజనీరు పేటెంటు వకీలు కావాలంటే

చిరంజీవికి ఆశీస్సులు.

డిజైను ఉద్యోగం వదిలి లా చదువుతానని, పేటెంటు దావాలు నడుపుతానని రాశావు. మంచిదే. యంత్రం లోపల ఏం జరుగుతోందో నీకు ఇట్టే తెలుస్తుంది. కానీ కోర్టు చూసేది క్లెయిములో, అంటే పేటెంటులో హక్కుకు హద్దులు గీసే వాక్యంలో, రాసిన మాటల్ని. ఇంజనీర్లు తడబడేది అక్కడే.

ముందు అర్హతల సంగతి. పేటెంటు ఆఫీసులో ఇతరుల తరఫున దరఖాస్తులు నడిపేవాణ్ని పేటెంట్ ఏజెంట్ అంటారు. ఆ పరీక్షకు లా పట్టా అక్కర్లేదు. భారత పౌరసత్వం, 21 ఏళ్ల వయసు, సైన్సులోనో ఇంజనీరింగులోనో డిగ్రీ ఉంటే చాలు. వంద మార్కుల పేపర్లు రెండు, 50 మార్కుల మౌఖిక పరీక్ష. ఒక్కో పేపర్లో 50కి తగ్గకూడదు, మొత్తం మీద 60 శాతం రావాలి. రెండో పేపరు స్పెసిఫికేషన్, అంటే ఆవిష్కరణ వివరణ, క్లెయిములు ఉండే పత్రం, రాయడం మీద ఉంటుంది కాబట్టి చట్టం బట్టీ పట్టి గట్టెక్కలేవు. మంజూరైన పేటెంటు ఒకటి తీసుకుని, క్లెయిములు మూసేసి, వివరణ, బొమ్మలు మాత్రం చూసి మొదటి క్లెయిము నువ్వే రాయి. తర్వాత అసలుదానితో పోల్చుకో. ఏ మాట అనవసరంగా చేర్చి హక్కును ఇరుకు చేశావో తెలుస్తుంది. ఈ పరీక్ష ఉద్యోగంలో ఉండగానే రాసెయ్.

ఏజెంటుగా నీ పని పేటెంటు ఆఫీసు వరకే. కోర్టులో నిలబడాలంటే మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ, బార్ కౌన్సిల్ ఎన్‌రోల్‌మెంటు, ఆ పైన ఆలిండియా బార్ పరీక్ష ఉండాలి. ఎన్‌రోల్ అయ్యాక నెలజీతం కుదరదు. బార్ కౌన్సిల్ 49వ నియమం పూర్తికాలపు జీతగాణ్ని ప్రాక్టీసు చెయ్యనివ్వదు. చేతిలో కొంత డబ్బు పెట్టుకుని రా.

దావాల కంటే ముందు కొంతకాలం పేటెంటు దరఖాస్తుల పని చెయ్యి. దరఖాస్తును పరిశీలించి పేటెంటు ఆఫీసు అభ్యంతరాలతో పంపే మొదటి పరీక్షా నివేదికకు జవాబివ్వడానికి ఆరు నెలలు, అడిగితే మరో మూడు నెలల గడువు ఉంటుంది. ఆ జవాబులో, ఇది అప్పటికే ఉన్న పాత ఆవిష్కరణే అన్న అభ్యంతరం నుంచి తప్పించుకోవడానికి 'మా సెన్సరు బయటి గోడకే ఉంటుంది' అని ఒక్క వాక్యం రాస్తారు. పదేళ్ల తర్వాత దావాలో ఎదుటి వకీలు ఆ వాక్యాన్నే బయటికి తీస్తాడు. అందుకే ఏ కేసొచ్చినా ముందు పేటెంటు ఆఫీసు ఫైలు మొత్తానికీ సర్టిఫైడు కాపీ తెప్పించు. అదే ఆవిష్కరణకు విదేశాల్లో వేసిన దరఖాస్తుల ఫైళ్లూ చదువు.

ఇక అసలు పని క్లెయిము చార్టు. ఎడమవైపు గడిలో క్లెయిమును ముక్కలుగా కోసి పెడతావు, కుడివైపు ఎదుటివాడి వస్తువులో ఆ ముక్క ఎక్కడుందో ఆధారంతో చూపిస్తావు. ఒక పంపు క్లెయిము తీసుకో: తొడుగు, లోపల ఇంపెల్లరు (నీటిని తోసే తిరుగుడు చక్రం), తొడుగు బయటి గోడకు బిగించిన ఉష్ణోగ్రత సెన్సరు, వేడి పరిమితి దాటితే ఇంపెల్లరు వేగం తగ్గించే కంట్రోలరు. ప్రతివాది పంపులో సెన్సరు లోపలుంది, కంట్రోలరు మోటారును పూర్తిగా ఆపేస్తుంది. ఇంజనీరు బుర్ర 'రెండూ ఒకటేగా, వేడెక్కకుండా కాపాడుతున్నాయి' అంటుంది. చార్టులో మాత్రం రెండు గడులు ఖాళీ. అవి క్లెయిములోని భాగాలకు సమానమైనవేనని వాదించవచ్చు. ఆ వాదనను విడిగా, సాక్ష్యంతో నిలబెట్టాలి. గడిని మభ్యపెట్టి నింపితే మొదటి వాయిదాకే బయటపడుతుంది. క్లెయిములో 'కంప్రైజింగ్' (ఇవి కలిగిన) అని ఉంటే ఎదుటివాడి వస్తువులో అదనపు భాగాలున్నా ఉల్లంఘనే. 'కన్సిస్టింగ్ ఆఫ్' (ఇవి మాత్రమే కలిగిన) అని ఉంటే ఒక భాగం ఎక్కువైనా ఉల్లంఘన చూపడం చిక్కే.

మీ క్లయింటు అమ్మే పంపును ఎదుటివాడి పంపు పక్కన పెట్టి పోల్చకు. ఎర్లోటినిబ్ మందు కేసులో ఢిల్లీ హైకోర్టు డివిజన్ బెంచి 2015లో తేల్చింది కూడా ఇదే: పోల్చవలసింది ప్రతివాది వస్తువును క్లెయిముతో.

సాక్ష్యం దగ్గర తొందర పడొద్దు. నమూనాలు కనీసం మూడు, బజారులో, బిల్లుతో కొనిపించు. ఒకటి విప్పడానికి, ఒకటి ల్యాబుకు, ఒకటి సీలు వేసి కోర్టుకు. ఉన్న ఒక్కటీ విప్పేస్తే ఎదుటివాడు అడిగినప్పుడు చూపడానికేమీ మిగలదు. ఫొటోలు, లాగ్ ఫైళ్లు దాఖలు చేసేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షను ధ్రువపత్రం జతపరచాలి. అందులో హాష్ విలువ (ఫైలు మారలేదని చూపే, దాన్నుంచి లెక్కకట్టిన అంకెలూ అక్షరాల వరుస) రాయాలి, ఎ, బి భాగాలు రెండూ నింపాలి. బి భాగం నిపుణుడిది.

గడువులు కఠినం. అత్యవసర మధ్యంతర ఉత్తర్వు అడగని దావాకు ముందు వాణిజ్య కోర్టుల చట్టం 12ఎ సెక్షను కింద మధ్యవర్తిత్వం తప్పనిసరి. సమన్లు అందిన నాటి నుంచి 120 రోజులు దాటితే ప్రతివాదికి రిటన్ స్టేట్‌మెంటు, అంటే రాతపూర్వక జవాబు, వేసే హక్కే పోతుంది. ప్రతివాది తరఫున ఉంటే పాత ఆవిష్కరణల వెతుకులాట మొదటి వారంలోనే మొదలెట్టు, ఎందుకంటే పేటెంట్ల చట్టం 64వ సెక్షనులోని పేటెంటు రద్దు కారణాలన్నీ రక్షణగా వాడుకోవచ్చు. జిల్లా కోర్టులో రద్దుకు ప్రతిదావా వేస్తే కేసు హైకోర్టుకు మారుతుంది. అక్కడి ఖర్చెంతో క్లయింటుకు ముందే చెప్పు.

ఢిల్లీ హైకోర్టు 2022 పేటెంటు దావాల నియమాల్లో టెక్నికల్ ప్రైమర్ అని ఒకటుంది, కేసులోని సాంకేతిక విషయాన్ని జడ్జికి పరిచయం చేసే పత్రం. ఇంజనీర్లు దాన్ని థీసిస్‌లా రాస్తారు. జడ్జిగారు తేల్చవలసిన వివాదానికి సరిపడా సైన్సు రాయి, చాలు. బొమ్మల్లో పేటెంటులోని భాగాల నంబర్లే వాడు, నీ సొంత నంబర్లు పెట్టకు.

నీకు విషయం తెలుసు కదా అని నువ్వే సాక్షివి కావద్దు. వకీలు తన కేసులో సాక్షిగా నిలబడకూడదు. వేరే నిపుణుణ్ని పెట్టుకుని, ఆయన నివేదికను ఆయన్నే రాయనియ్యి. నీ వాక్యాలు ఆయన అఫిడవిట్లో కనబడితే క్రాస్ ఎగ్జామినేషన్లో ఆయన నిలబడలేడు.

రాజీనామా చేసే రోజు కంపెనీ డ్రాయింగు ఒక్కటి కూడా పెన్‌డ్రైవ్‌లో ఉండకుండా చూసుకో. సంతకం చేసిన గోప్యత ఒప్పందం కాపీ మాత్రం తెచ్చుకో. రేపు ఆ కంపెనీ మీదనో, దాని తరఫుననో కేసొస్తే, తీసుకోవచ్చా లేదా అని ముందుగా చూడవలసిన కాగితం అదే.

ఇట్లు,
మామయ్య