సీరమ్ సంగతి తర్వాత... ముందు ఆ క్రీమ్ ఏమిటో తెలియాలి

ప్రశ్న: నా వయసు 36. కూకట్‌పల్లిలో ఉంటాం. రోజూ స్కూటీ మీద మాదాపూర్‌లోని ఆఫీసుకు వెళ్లొస్తాను. బుగ్గల మీద మంగు వస్తే రెండేళ్ల కిందట మెడికల్ షాపులో ఒక క్రీమ్ ఇచ్చారు. మొదట్లో ముఖం తేటపడింది. ఇప్పుడు రెండు రోజులు రాయకపోతే ఎర్రబడి మండుతోంది, వయసు మీద పడినట్లూ కనిపిస్తోంది. చర్మం యవ్వనంగా ఉండాలంటే విటమిన్ సి సీరమ్ వాడాలా, నైట్ క్రీమ్ వాడాలా? – ఒక పాఠకురాలు

సలహా: మీరు సీరమ్ గురించి అడిగారు కానీ, నన్ను ఆందోళనకు గురిచేసింది మానేస్తే ముఖం మండుతోందన్న మాట. మంగు కోసం మందుల షాపుల్లో చేతికిచ్చే క్రీములు చాలావాటిలో మచ్చల రంగు తగ్గించే హైడ్రోక్వినోన్, విటమిన్ ఎ రకానికి చెందిన ట్రెటినాయిన్‌లతో పాటు ఒక స్టెరాయిడ్ కూడా ఉంటుంది. వైద్యుల పర్యవేక్షణలో కొద్ది వారాలు మాత్రమే వాడవలసిన అటువంటి మందును ఏళ్ల తరబడి రాస్తే చర్మం పలచబడి, సన్నని రక్తనాళాలు ఎర్రటి గీతల్లా పైకి తేలతాయి, మొటిమలు, అవాంఛిత రోమాలు వస్తాయి, మానగానే మంట మొదలవుతుంది కనుక మళ్లీ రాయక తప్పదనిపిస్తుంది. ముఖాన్ని చూడకుండా నిర్ధారణ చేయడం సరికాదు. అయినా మీరు చెప్పిన లక్షణాలు ఈ స్థితినే సూచిస్తున్నాయి.

ట్యూబు మీద మొమెటాసోన్, బీటామెథాసోన్, క్లోబెటసాల్, ఫ్లూయోసినోలోన్ వంటి స్టెరాయిడ్ల పేర్లు ఏవైనా ఉన్నాయేమో చూడండి. ఉంటే ఈ వారంలోనే చర్మవ్యాధి నిపుణులను కలవండి. ఒక్కసారిగా ఆపాలా, క్రమంగా తగ్గించాలా అన్నది చర్మాన్ని పరీక్షించిన వారే నిర్ణయించాలి. ఈలోగా కళ్ల చుట్టూ మాత్రం అసలు రాయవద్దు, దీర్ఘకాలం అక్కడ వాడితే గ్లాకోమా (చూపు నరాన్ని దెబ్బతీసే కంటి జబ్బు), శుక్లాలు వచ్చే ప్రమాదం ఉంది. గర్భం దాల్చి ఉన్నా, ఆ ప్రయత్నంలో ఉన్నా ట్రెటినాయిన్ కలిసిన క్రీమును వెంటనే ఆపి, అదే రోజు వైద్యులను సంప్రదించండి.

ఒక మాట కాస్త గట్టిగానే చెబుతున్నాను, అన్యథా భావించవద్దు. స్టెరాయిడ్ క్రీములను వైద్యుల చీటీ లేకుండా అమ్మకూడదని 2018లోనే కేంద్ర ప్రభుత్వం వాటిని షెడ్యూల్ హెచ్ (వైద్యుల చీటీపైనే అమ్మాల్సిన మందుల జాబితా) పరిధిలోకి తెచ్చింది. అయినా షాపులో అడిగి తెచ్చుకోవడం, అక్కకు పనిచేసిందని చెల్లెలు, ఆమెకు తగ్గిందని పక్కింటివారు రాసుకోవడం ఆగలేదు. రెండేళ్లలో ఒక్కసారైనా వైద్యుల దగ్గరకు వెళ్లి ఉండవలసింది. తామరకు కూడా ఇటువంటి క్రీములే రాసి, అది ఒళ్లంతా పాకిన తర్వాత వచ్చేవారిని నేను తరచుగా చూస్తుంటాను.

ఇక రోజువారీ జాగ్రత్తలకు వస్తే, మీకు అన్నిటికన్నా అవసరమైనది సన్‌స్క్రీన్. ముడతలకూ మంగుకూ ఎండ ప్రధాన కారణాల్లో ఒకటి. ఎస్‌పీఎఫ్ 30 లేదా అంతకు మించినదాన్ని, చూపుడువేలు, మధ్యవేలు పొడవునా వచ్చేంత తీసుకుని, బయలుదేరడానికి 15 నిమిషాల ముందు ముఖానికీ మెడకూ రాసుకోవాలి, ఎండలో ఉంటే రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. చున్నీ చుట్టుకున్నాం, హెల్మెట్ అద్దం ఉంది కదా అని మానేయడం పొరపాటు. ఆఫీసులో కూర్చున్నా, ఎండలోని యూవీఏ అనే అతినీలలోహిత కిరణాలు మామూలు కిటికీ అద్దంలోంచి కూడా లోపలికి వస్తాయి. ముఖం కడగడానికి సున్నితమైన క్లెన్సర్, కడిగిన వెంటనే సువాసన లేని మాయిశ్చరైజర్ చాలు. నిమ్మరసం, వంటసోడా, గరుకు స్క్రబ్బులు ప్రస్తుతం ముఖం దగ్గరకు రానీయవద్దు. మంట పూర్తిగా తగ్గేవరకు విటమిన్ సి సీరమ్, రెటినాల్ ఉన్న నైట్ క్రీములు కూడా వద్దు, పలచబడిన చర్మం వాటిని తట్టుకోలేదు. పార్లర్‌లో ఫేషియల్, బ్లీచ్ కూడా వాయిదా వేసుకోండి.

కోలుకోవడానికి నెలలు పట్టవచ్చు, మధ్యలో ఎర్రదనం పెరిగినట్లు కూడా అనిపిస్తుంది, అప్పుడు మళ్లీ పాత క్రీమును ఆశ్రయించకండి. ప్రైవేటు ఆసుపత్రికి వెళ్లే వీలు లేకపోతే ఉస్మానియా, గాంధీ ఆసుపత్రుల్లో చర్మవ్యాధుల విభాగాలున్నాయి. వెళ్లేటప్పుడు ఆ ట్యూబును, ఖాళీదైనా సరే, అట్టపెట్టెతో సహా వెంట తీసుకెళ్లండి.